లింకు డాక్యుమెంట్లు

ఇల్లు కొనడానికి ఎందుకంత కాలం పడుతుంది అని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెబుతారు. బ్యాంకు అంటారు, బ్రోకరు అంటారు, సర్వర్ డౌన్ అంటారు, చెయ్యి తడపలేదు అంటారు. అన్నీ నిజాలే. నాకు ఏడున్నర నెలలు పట్టింది. ఆ ఏడున్నర నెలల్లో నాకు దొరికిన జవాబు మాత్రం కొంచెం దూరం పోతుంది. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో, అంతకుముందు రేవులో సుంకాలు వసూలు చేసిన ఒకాయన చేసిన పని మన దగ్గర ఇప్పటికీ ఎవరూ చెయ్యకపోవడం వల్ల.

ఆ కథకి తర్వాత వస్తాను. ముందు ఒక సంగతి. ఈ దేశంలో ఫలానా ఇల్లు ఫలానావారిదే అని ప్రభుత్వం ఎవరికీ హామీ ఇవ్వదు. ఇది నాకు ముప్ఫై నాలుగేళ్ళ వయసులో, బయానా ఇచ్చిన పదో రోజున తెలిసింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో రిజిస్టరయ్యేది ఇల్లు కాదు, కాగితం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్‌రిజిస్ట్రారు అమ్మేవాణ్ణి అడిగేది ముఖ్యంగా ఒకటే: ఈ సంతకం నీదేనా, ఇది నువ్వు రాసిచ్చిందేనా? స్టాంపు సరిపోయిందా, నిషేధిత భూముల జాబితాలో ఉందా అని చూస్తాడు. ‘నువ్వు అమ్ముతున్నది అసలు నీదేనా’ అనే ప్రశ్నని తేల్చే పని ఆయనది కాదు. 2025 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఒక తమిళనాడు కేసులో ఈ మాటే మళ్ళీ చెప్పింది. అమ్మేవాడు తనకి ఆ ఆస్తి ఎలా వచ్చిందో చూపించే పాత దస్తావేజు తెచ్చి చూపిస్తేనే రిజిస్టరు చెయ్యాలని ఆ రాష్ట్రం పెట్టుకున్న రూలుని కొట్టేసింది. హక్కు ఎవరిదో తేల్చడం సివిల్ కోర్టు పని, రిజిస్ట్రారుది కాదు అని.

అంటే తెలంగాణలో ఇంటి విలువ మీద ఏడున్నర శాతం కట్టించుకుని ప్రభుత్వం మనకిచ్చేది ఏమిటి? ఫలానా రోజున ఫలానా ఇద్దరు వచ్చి ఇలా రాసుకున్నారు అనే సాక్ష్యం. అంతే. పోస్టాఫీసు ముద్ర లాంటిది. ఉత్తరం ఎప్పుడు వేశారో చెబుతుంది, లోపల రాసింది నిజమో కాదో దానికి తెలీదు.

దీని వెనక ఉన్న ఇంకో చట్టం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. వంద రూపాయలూ అంతకంటే ఎక్కువా విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలంటుంది. 1882లో వంద రూపాయలంటే ఏమిటో ఆలోచించండి. ఆ వంద ఇప్పటికీ వందే. అదే చట్టం అదే సెక్షన్లో, అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన కొనేవాడికి ఆ ఆస్తిలో ఏ హక్కూ పుట్టదని కూడా అంటుంది. నేను తొంభై రోజుల గడువుతో అగ్రిమెంటు రాసుకుని, చేతిలో ఉన్న డబ్బంతా బయానాగా ఇచ్చేసి, అద్దె ఇంటివాళ్ళకి ఖాళీ చేస్తున్నట్టు చెప్పేశాక లాయరు గారు ఈ సెక్షను నాకు చదివి వినిపించారు. తర్వాత టీ తెప్పించారు.

*

నేను కొన్నది హైదరాబాదుకి తూర్పున, ఒకప్పుడు ఊరు, ఇప్పుడు కాలనీ అయిన చోట, నూట ఎనభై గజాల్లో పాత ఇల్లు. అమ్మేవారు రిటైరైన స్కూలు టీచరు. భర్త 1994లో కొన్నారు, ఆయన పోయారు. కొడుకు డాలస్‌లో, కూతురు విజయవాడలో. ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోదామని సామాన్లు సగం సర్దేసుకుని ఉన్నారు. మొదటి రోజు నన్ను చూసి “నీకు నచ్చితే చాలమ్మా, నెలలో అయిపోతుంది” అన్నారు. ఆవిడ తరఫు కాగితాలు మూడు: 1994 నాటి సేల్ డీడు, 1986లో ప్లాటు మొదట కొన్నవాళ్ళ సేల్ డీడు, గ్రామ పంచాయతీ లేఅవుటు నకలు.

ఆ 1986 డీడునే లింకు డాక్యుమెంటు అంటారు. ప్రభుత్వం హక్కుకి హామీ ఇవ్వదు కాబట్టి కొనేవాడే ఆ హక్కుని వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ పోవాలి. నీకు ఎవరు అమ్మారు, వాళ్ళకి ఎవరు అమ్మారు, వాళ్ళకి ఎవరు. గొలుసులో ఒక్క లింకు తెగినా తర్వాతవన్నీ గాల్లో ఉన్నట్టే. చిత్రమేమిటంటే ఒక ఇల్లు పదిసార్లు చేతులు మారితే ఈ తవ్వకం పదిసార్లూ మొదట్నించీ జరుగుతుంది. పదిమంది లాయర్లు అవే కాగితాలు పదిసార్లు చదువుతారు. ఆ చదివిన ఫలితం ఎక్కడా నిలవదు. రేపు నా దగ్గర కొనేవాళ్ళు మళ్ళీ మొదట్నించి చదువుతారు. ఈ దేశంలో ఇల్లు కొనే ప్రతివాళ్ళూ కొన్ని నెలలపాటు బలవంతంగా చరిత్రకారులవుతారు, అదీ ఏ శిక్షణా లేకుండా, బయానా గడువు నెత్తిమీద పెట్టుకుని.

ఎంత వెనక్కి? లాయర్ల లెక్కకీ ఒక చరిత్ర ఉంది. పరాయివాడు ఆక్రమించిన భూమిని తిరిగి అడగడానికి ప్రైవేటు మనిషికి గడువు 12 ఏళ్ళు. అందుకని పూర్వం పదమూడేళ్ళ ఈసీ చాలనుకునేవాళ్ళు. 1963 నాటి కాలపరిమితి చట్టంలో తాకట్టు విడిపించుకోడానికీ, ప్రభుత్వం దావా వెయ్యడానికీ 30 ఏళ్ళ గడువు పెట్టారు. అందుకే ఇప్పుడు బ్యాంకులు ముప్ఫై ఏళ్ళు అడుగుతాయి. అంతకుముందు చట్టంలో ఇవి అరవై. మా తాతల కాలంలో కొని ఉంటే ఇంకా ముప్ఫై ఏళ్ళు వెనక్కి పోవాల్సి వచ్చేదన్నమాట. అంత ఓపిక ఆ కాలంలో ఉండేదేమో.

ఈసీ, అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, 1983 నుంచి కంప్యూటర్లో దొరుకుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసులకి కంప్యూటర్లు వచ్చాయి. అంతకుముందు ప్రతి దస్తావేజునీ ఆఫీసులో కూర్చుని చేత్తో పెద్ద పుస్తకాల్లోకి ఎక్కించే నకలు రాతగాళ్ళు ఉండేవాళ్ళు. రిజిస్టరైన కాగితం తిరిగి చేతికి రావడానికే నెలలు పట్టేది. ఆ పుస్తకాలకి రెండు సూచికలు, ఒకటి మనుషుల పేర్లతో, ఒకటి ఆస్తుల వివరాలతో. 1983కి వెనక్కి పోవాలంటే ఒక మనిషి ఆ సూచికల్ని చేత్తో తిరగెయ్యాలి. నా విషయంలో అలా తిరగేసే మనిషి సెలవులో ఉన్నాడు. వచ్చాక కరెంటు లేదు. కరెంటు వచ్చాక పుస్తకం బైండింగుకి పోయింది. కల్పన చేస్తే ఇంత వరసగా రాయను.

*

ఇక ఆస్ట్రేలియా. రాబర్ట్ టోరెన్స్ అడిలైడ్‌లో సుంకాల శాఖ కలెక్టరుగా పనిచేసినవాడు. లాయరు కాదు, అదే ఆయనకి కలిసొచ్చింది. ఓడలకి ఒక రిజిస్టరు ఉంటుంది. ఆ రిజిస్టర్లో ఎవరి పేరుంటే ఓడ వాళ్ళది. కొత్త యజమాని వస్తే పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాస్తారు. ఓడ ఎవరెవరి చేతులు మారి వచ్చిందో కొనేవాడు తవ్వుకోనక్కర్లేదు. భూమికి ఇదెందుకు కుదరదు అన్నాడాయన. హాంబర్గ్ లాంటి జర్మన్ నగరాల్లోని భూమి పుస్తకాల పద్ధతి తెలిసిన ఉల్రిచ్ హ్యూబ్ అనే ఆయన తోడయ్యాడు. ఊళ్ళో లాయర్లు గట్టిగా ఎదిరించారు. 1858లో చట్టం వచ్చింది. అప్పట్నించి అక్కడ రిజిస్టర్లో పేరే హక్కు. తప్పు జరిగి ఎవరైనా నష్టపోతే ప్రభుత్వం ఒక నిధి నుంచి పరిహారం ఇస్తుంది. కాగితం హక్కుకి సాక్ష్యం కాదు, పుస్తకమే హక్కు. ఈ పద్ధతి తర్వాత చాలా దేశాలకి పాకింది.

అదే ఇంగ్లీషువాళ్ళు పాలించిన మన దేశానికి ఎందుకు రాలేదు? ఒక కారణం, వాళ్ళకే ఇంట్లో లేదు. ఇంగ్లండులో ల్యాండ్ రిజిస్ట్రీ 1862లో పెట్టారు కానీ ఇంగ్లండు, వేల్స్ అంతటా అమ్మకాలకి తప్పనిసరి అయింది 1990లో. రెండో కారణం ముఖ్యమైంది. మన భూమి గురించి వాళ్ళకి కావలసిన ప్రశ్న వేరు. ఇది ఎవరిది అని కాదు, దీనికి శిస్తు ఎవరు కడతారు అని. దత్తమండలాల్లో మన్రో రైతు రైతుకీ పట్టా ఇచ్చినా, తర్వాత సర్వేలు చేసి గట్టు గట్టూ కొలిచినా, పుస్తకంలో పేరు రాసింది శిస్తు వసూలు కోసం. అందుకే ఇవాళ్టికీ రెవెన్యూ రికార్డులో పేరు ఉంటే అది హక్కు అని కోర్టు ఒప్పుకోదు. అటుపక్క దస్తావేజుల రిజిస్ట్రేషన్ వేరే దారిలో వచ్చింది, 1793లో బెంగాల్లో, 1802లో మద్రాసులో. చాలాకాలం ఇష్టమైతేనే. 1864 చట్టంతో కొన్ని కాగితాలకి తప్పనిసరయింది. అలా ఒకే భూమికి రెండు పుస్తకాలు తయారయ్యాయి. శిస్తు పుస్తకం ఒక శాఖ దగ్గర, దస్తావేజు పుస్తకం ఇంకో శాఖ దగ్గర. రెండూ ఒకదానికొకటి చూపించుకోవు. రెండింట్లో ఏదీ యజమాని ఎవరో చెప్పదు. ఈ మాటే 1989లో డి.సి. వాధ్వా ప్రణాళికా సంఘానికి ఇచ్చిన నివేదికలో వివరంగా రాసి, హక్కుకే హామీ ఇచ్చే పద్ధతికి మారమన్నాడు. బీహారు ప్రభుత్వం ఆర్డినెన్సుల్ని మళ్ళీ మళ్ళీ జారీ చెయ్యడం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచిన వాధ్వా ఈయనే. ఆ కేసు లా కాలేజీల్లో చదువుతారు. ఈ నివేదికని చదివేది ఇల్లు కొనే దశలో ఉన్న నాబోటివాళ్ళేమో.

*

బ్యాంకు లాయరు నా ఫైలు మీద పెన్సిలుతో రాసిన ప్రశ్న ఒకటే. 1986లో ప్లాట్లు చేసి అమ్మినవాళ్ళకి ఆ భూమి ఎలా వచ్చింది? సేత్వార్, ఖస్రా పహాణీ నకళ్ళు జతచేయగలరు.

ఇక్కడినుంచి కథ హైదరాబాదు రాజ్యంలోకి పోతుంది. మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉండగా 1870ల్లో ఇక్కడ సర్వే సెటిల్‌మెంటు మొదలైంది. ప్రతి ఊరికీ సర్వే నంబర్లు, ఒక్కో నంబరుకి విస్తీర్ణం, పట్టాదారు పేరు రాసిన మూల పుస్తకమే సేత్వార్. ఆ తర్వాత రాజ్యం పోయింది, 1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యాయి, 1954-55లో ఊరూరా ఎవరి పట్టా, ఎవరి సాగు అని మళ్ళీ రాసిన పుస్తకం ఖస్రా పహాణీ. తెలంగాణలో భూమి తగాదా ఏదైనా చివరికి ఆ ఏడాది దగ్గరికి వచ్చి ఆగుతుంది. పుస్తకం మీద 1954 అని ఉండదు. ఫసలీ 1364 అని ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం. నిజాం ఫసలీ ఆజూరు నెలతో, అంటే అక్టోబరులో మొదలవుతుంది, మద్రాసు ఫసలీ జులైలో. అటూ ఇటూ తేదీలు కలపాలనుకునేవాళ్ళకి ఇదొక చిన్న బోనసు.

నకళ్ళు రావడానికి ఐదు వారాలు. వచ్చినవి ఉర్దూలో ఉన్నాయి, అదీ గుమస్తాలు గబగబా రాసే గొలుసుకట్టు రాతలో. షికస్తా అంటారు, విరిగిన రాత అని. పాతబస్తీలో ఇలాంటి కాగితాలు చదివి తెలుగు చేసిపెట్టే పెద్దాయన దగ్గరికి లాయరు గారు పంపించారు. ఆయన గది నిండా నాలాంటివాళ్ళ కవర్లే. నా కాగితం చదువుతూ ఆయన ఒక్కో మాటా పైకి అంటుంటే నాకు ఇంకో సంగతి తట్టింది. ఆ మాటలన్నీ నాకు వచ్చు. మౌజే, హద్దు, నకలు, రసీదు, వారసుడు, వగైరా. ఖరీదు అంటే పారసీలో కొనడం. మనకి ధర అయింది. బయానా, సాదా బైనామా, రెండింట్లోనూ ఉన్న ‘బై’ అమ్మకమే. కబ్జా అంటే ఊరికే స్వాధీనం, చెడ్డమాట కాదు. దస్తావేజులో నేటికీ ‘మా కబ్జాలో నున్నట్టి’ అని గౌరవంగానే రాస్తారు. అదే మాట ఆఫీసు గుమ్మం దిగి వీధిలోకి రాగానే రౌడీ పని అయిపోయింది. ఒక్క మాటలోనే ఈ నగరం యాభై ఏళ్ళ రియలెస్టేట్ చరిత్ర ఉంది.

దస్తావేజు తెలుగులో ఇంకో పొర కూడా ఉంది, దీనికంటే చాలా పాతది. నా 1994 లింకు డాక్యుమెంట్లో ‘ఆచంద్రార్కము’, ‘పుత్రపౌత్ర పారంపర్యముగా’ అని ఉన్నాయి. శాసనాల్లో రాజులు దానమిచ్చేటప్పుడు వాడిన మాటలు. ఆ శాసనాల చివర్లో ఒక శాపం ఉండేది. ఇచ్చిన భూమిని లాక్కున్నవాడు పురుగై పుడతాడని. రాజుకి కూడా తన తర్వాతివాళ్ళ మీద నమ్మకం లేదన్నమాట. ఆ శాపం స్థానంలో ఇప్పుడు ‘ఎట్టి తగాదాలు వచ్చినను మా స్వంత ఖర్చులతో పరిష్కరించి ఇవ్వగలవారము’ అనే వాక్యం ఉంటుంది. రెండూ ఒకే పని చేస్తాయి: ఎవరూ ఇవ్వని హామీ చోటు నింపుతాయి. నాకైతే శాపమే కొంచెం గట్టిగా అనిపిస్తుంది.

పెద్దాయన ఖస్రా నకల్లో ఒక గడి దగ్గర ఆగారు. పట్టాదారు గడిలో ఒక దొర పేరు. పక్కన ఖాబిజ్ గడిలో, అంటే భూమి ఎవరి చేతిలో ఉంది అనేచోట, ఇంకో పేరు. తండ్రి పేరు, కులం పేరు. ఆ కులం వాళ్ళు ఆ కాలంలో దొరల భూములు దున్నినవాళ్ళు. “బేటా, దీనికి చుక్కల్లేవు” అన్నారాయన. ఉర్దూలో ప, బ అక్షరాల గీత ఒకటే, తేడా అంతా కింది చుక్కల్లోనే. షికస్తాలో గుమస్తాలు చుక్కలు పెట్టరు, వాళ్ళకి తెలుసు కాబట్టి. ఆ మనిషి పేరు ప-తో మొదలవుతుందో బ-తో మొదలవుతుందో చెప్పలేం. రెండూ మన ఊళ్ళలో ఉన్న పేర్లే. ఆయన తెలుగు ప్రతిలో ‘లేక’ అని పెట్టి రెండూ రాశారు.

ఆ ‘లేక’ నాకు పదకొండు వారాలు పెట్టింది.

ఎందుకో చెప్పాలంటే ఇంకో చట్టం. తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తుండగానే 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. వరసగా ఆరేళ్ళు, చట్టం చెప్పిన కాలంలో, ఒక భూమిని కౌలుకి దున్నినవాడు రక్షిత కౌలుదారు. అతన్ని తేలిగ్గా వెళ్ళగొట్టడానికి లేదు. తర్వాత చేర్చిన 38-ఇ సెక్షను ఇంకో అడుగు వేసింది: ప్రభుత్వం ప్రకటించిన తేదీ నుంచి, పరిమితులకి లోబడి, అతనే యజమాని. ఆ ప్రకటన తెలంగాణలో చాలా జిల్లాలకి 1973లో గానీ రాలేదు. చట్టానికీ ప్రకటనకీ మధ్య ఇరవై ఏళ్ళు. ఆ ఇరవై ఏళ్ళు దొరలకి చాలినంత సమయం. చాలాచోట్ల ‘నా ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను’ అని కౌల్దార్ల వేలిముద్రలు పడ్డ కాగితాలు తయారయ్యాయి. కొన్నిచోట్ల కాగితం కూడా అక్కర్లేకపోయింది.

నా భూమికి సంబంధించిన పహాణీల్లో ఆ పేరు 1967-68 దాకా ఉంది. మరుసటి ఏడు లేదు. అమ్మకం లేదు, వదులుకున్న కాగితం లేదు, చనిపోయినట్టు లేదు. సాగు గడిలో ‘ఖుద్’ అని ఉంది, అంటే స్వయంగా, దొరే దున్నుకుంటున్నట్టు.

బ్యాంకుకి కావాల్సింది అతనేమయ్యాడన్న సంగతి కాదు. రక్షిత కౌలుదార్ల రిజిస్టర్లో ఆ సర్వే నంబరు మీద అతని పేరు లేదని తహసీలు ఆఫీసు నుంచి ఒక ధ్రువపత్రం. పేరు ఉంటే, అతని వారసులకి 38-ఇ కింద హక్కు ఉన్నట్టు. రెండు పేర్లతోనూ వెతకాలి కాబట్టి రెండు అర్జీలు. మొదటి అర్జీకి ‘లేదు’ అని ఏడు వారాల్లో వచ్చింది. రెండోదానికి ఫైలు దొరకలేదు, మళ్ళీ పెట్టుకోమన్నారు.

ఈలోగా నా లోను మంజూరు పత్రం గడువు దాటింది, వడ్డీ మారింది. అగ్రిమెంటు రెండుసార్లు పొడిగించాం. డాలస్ కొడుకు పంపిన పవర్ ఆఫ్ అటార్నీలో ఇంటిపేరు పొడి అక్షరం తేడా వచ్చి మళ్ళీ కాన్సులేటుకి వెళ్ళాల్సి వచ్చింది. విదేశంలో రాసిన కాగితానికి ఇక్కడ చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి, అదొక గడియారం. కూతురి సంతకం ఎందుకని టీచర్ గారి తమ్ముడు ఒకాయన గొణిగాడు. భర్త స్వార్జితం, వీలునామా లేదు, భార్యతో పాటు కొడుకూ కూతురూ సమాన వారసులే అని లాయరు గారు చెప్పారు. ఉమ్మడి ఆస్తిలో కూడా 1985 నుంచే ఈ రాష్ట్రంలో ఆడపిల్లకి వాటా ఉంది, కేంద్రం కళ్ళు తెరవడానికి 2005 దాకా పట్టింది. టీచర్ గారు సర్దిన అట్టపెట్టెల మధ్య కూర్చుని నాతో అన్నారు: “ముప్ఫై ఏళ్ళు ఈ ఇంట్లో ఉన్నాను. నాదేనా కాదా అని ఇప్పుడు వెతుకుతున్నారు.” నాకేం చెప్పాలో తెలియలేదు. ఆవిడ మీద అనుమానం కాదని చెప్పాను. అది నిజమే. ఆవిడకి కోపం నా మీద కాదని నాకూ తెలుసు.

నా లాయరు మాత్రం కంగారు పడలేదు. “గా పేరు తోని పరేషానేం లేదమ్మా. ఇడ్చిపెట్టి పోయిండు అనుకోవాలె” అన్నారు. అనుకోవాలె. చట్టం భాషలో దాన్ని ఊహ అంటారు. నాకు ఆ మాట మింగుడు పడలేదు కానీ, నిజం చెప్పాలంటే నేనూ ఆ ధ్రువపత్రంలో ‘లేదు’ అని రావాలనే కోరుకుంటున్నాను. ‘ఉంది’ అని వస్తే నా బయానా, టీచర్ గారి అట్టపెట్టెలు, అన్నీ కోర్టుకి పోతాయి. 1968లో ఒక మనిషి పొలం నుంచి మాయమవడం మీద నాకు జాలి ఉంది. ఆ మాయమవడం సక్రమంగా, పూర్తిగా జరిగి ఉండాలనే కోరికా ఉంది. ఈ రెండూ ఒకేసారి ఒక మనిషిలో ఉండొచ్చని ఇల్లు కొన్నాక తెలిసింది.

*

ఇలాంటి తిప్పలు తెలంగాణకే ప్రత్యేకమనుకోకండి. ఆంధ్రలో రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లలో కొన్నిచోట్ల పట్టాదారు గడిలో పేరుకి బదులు చుక్కలు పెట్టి వదిలేశారు. చుక్కల భూములు అంటారు. తరాలుగా దున్నుకుంటున్నవాళ్ళు అమ్ముకోలేక, అప్పు పుట్టక ఇబ్బంది పడితే 2017లో దానికోసం ప్రత్యేకంగా చట్టం చెయ్యాల్సి వచ్చింది. అక్కడ చుక్కలు ఉండటం సమస్య, నాకు చుక్కలు లేకపోవడం. ఇక నగరం చుట్టూ 1976 పట్టణ భూపరిమితి చట్టం పుట్టించిన చిక్కులు, అనుమతి లేని లేఅవుట్లు వేరే పురాణం. 2020లో తెలంగాణ ప్రభుత్వం ఎల్‌ఆర్‌ఎస్‌కి పిలిస్తే పాతిక లక్షలకి పైగా దరఖాస్తులు వచ్చాయి. వాటిలో ఎక్కువభాగం ఏళ్ళ తరబడి కదల్లేదు. అదే ఏడాది సెప్టెంబరు 8న రాష్ట్రమంతా రిజిస్ట్రేషన్లు ఆపేశారు, కొత్త పద్ధతి కోసం. ఇళ్ళవీ ప్లాట్లవీ మళ్ళీ మొదలైంది డిసెంబరు 14న. మూడు నెలలు రాష్ట్రంలో ఎవరూ ఇల్లు కొనలేదు, అంటే చట్టం దృష్టిలో. కరోనా ఏడాది కాబట్టి చాలామందికి గుర్తులేదు.

ఇంత అనుభవించాక టోరెన్స్ పద్ధతి కావాలనిపించదా? అనిపిస్తుంది. ఒక పుస్తకం, ఒక పేరు, ప్రభుత్వం హామీ. ఆంధ్రప్రదేశ్ ఆ దారిలో ల్యాండ్ టైట్లింగ్ చట్టం తెచ్చింది. 2023లో అమల్లోకి వచ్చింది, 2024 ఎన్నికల్లో పెద్ద రగడ అయింది, ప్రభుత్వం మారగానే ఆ ఏడాదే రద్దయింది. రాజకీయం ఎంతైనా ఉండనీండి, ఊళ్ళలో జనం భయపడింది మాత్రం ఉత్తి పుకారుకి కాదు. హక్కు ఎవరిదో మొదట తేల్చేది కోర్టు కాదు, ఒక అధికారి. గడువులోపు అభ్యంతరం చెప్పకపోతే పుస్తకంలో ఉన్నదే ఖాయం. పుస్తకాల్లో పేర్లు ఎలా ఎక్కుతాయో, ఎలా దిగిపోతాయో ఊళ్ళో అందరికీ తెలుసు.

టోరెన్స్ దేశంలో కూడా ఈ ప్రశ్న ఉంది. అడిలైడ్ ఉన్న నేల కౌర్నా ప్రజలది. 1836లో ఆ వలసని స్థాపించిన రాజపత్రంలోనే అక్కడి ఆదివాసులు తమ భూముల్ని అనుభవించే హక్కు గురించి ఒక మాట ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇరవై రెండేళ్ళ తర్వాత టోరెన్స్ తన అందమైన పుస్తకం తెరిచేసరికి అందులో రాయడానికి వాళ్ళ పేర్లు లేవు. ఆ పుస్తకం అంత శుభ్రంగా ఉండటానికి అది కూడా ఒక కారణం. ఆ ఖండంలో ఆదివాసుల భూమి హక్కుని ఆస్ట్రేలియా హైకోర్టు గుర్తించింది 1992లో, మాబో కేసులో.

నా పాతిక కాగితాల గొలుసు మురికిది, ఆలస్యంది, మనిషిని ఏడిపించేది. కానీ దాంట్లో ఒక గడి ఉంది. పట్టా ఎవరిదైనా, దున్నేది ఎవరు అని అడిగే గడి. పాత పహాణీలో అనుభవదారు కాలమ్ అది. 2020లో వచ్చిన ధరణిలో ఆ కాలమ్ తీసేశారు. పట్టాదారు పేరొక్కటే. వెతకడం తేలికైంది. ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది, చట్టం మారింది, వాదనలు నడుస్తూనే ఉన్నాయి. నేను అనేది ఒకటే. 1955లో ఒక ఉర్దూ గుమస్తా చుక్కలు పెట్టకుండా గబగబా రాసిన ఆ పేరు, ధరణి పద్ధతిలో అయితే ఎక్కడా రాసి ఉండేది కాదు. నాకు పదకొండు వారాలు మిగిలేవి.

రెండో ధ్రువపత్రం వచ్చింది. ‘సదరు పేరు గల వ్యక్తి రక్షిత కౌలుదారుల రిజిస్టరు నందు నమోదు కాలేదు.’ ప-తో, బ-తో, రెండిటితోనూ లేదు. అంటే అతను చట్టం చెప్పిన ఆరేళ్ళు దున్నలేదో, దున్నినా ఎవరూ రాయించలేదో, రాయించే మనిషి దొర మనిషో. బ్యాంకు లాయరు పెన్సిలు ప్రశ్న మీద టిక్కు పెట్టారు. ఆరు రోజుల్లో స్లాటు దొరికింది. టీచర్ గారు, కూతురు, కొడుకు తరఫున ఆవిడ తమ్ముడు సంతకాలు పెట్టారు, వేలిముద్రలు వేశారు, కెమెరా వైపు చూశారు. ఇరవై నిమిషాలు.

బ్యాంకు వాళ్ళు లోను తీరేదాకా తమ దగ్గర పెట్టుకునే అసలు కాగితాలకి ఒక రసీదు ఇచ్చారు. పదిహేడు ఐటమ్‌లు. నేనూ ఒకసారి సరిచూసుకున్నాను. ఖస్రా నకలు, పెద్దాయన తెలుగు ప్రతీ అందులో లేవు. “అవి మాకు అక్కర్లేదు మేడమ్, టైటిల్ 1986 నుంచి క్లియర్” అన్నాడు కౌంటర్లో అబ్బాయి, వాటిని వేరే కవర్లో పెట్టి నాకిస్తూ.